అవ్వ మెడ తిప్పదు: ఈ ఏడాది మా నాటకాల డైరీ

సెప్టెంబరు 9

ఈ ఏడాది మా నాటక విభాగం ఆడబోయే మూడు నాటకాలు ఇవాళ ఖాయమయ్యాయి. ఫిబ్రవరి చివరి వారంలో పిల్లలు సొంతంగా రాసుకునే నాటిక. మార్చి 27న, ప్రపంచ రంగస్థల దినోత్సవం నాడు, ఆత్రేయ 'ఎన్.జి.ఓ.' (నాన్ గెజిటెడ్ ఆఫీసరు, అంటే చిన్న ప్రభుత్వోద్యోగి కథ). ఏప్రిల్ 16న వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం'. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, మన తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. మొదటి రెండూ క్యాంపస్‌లో పాత సెమినార్ హాల్లో, మూడోది నెల్లూరు పురమందిరంలో.

"మూడింటికీ సంబంధం ఏంది మేడమ్?" అని ఫైనలియర్‌లో ఉన్న ఆత్మకూరు అమ్మాయి అడిగింది. మాటే సంబంధం అన్నాను. ఆ జవాబు పిల్లలకు చాలలేదు. ఇక్కడ కాస్త వివరంగా రాసుకుంటాను, రేపు నేనే తడబడితే చూసుకోవడానికి పనికొస్తుంది.

'ప్రతాపరుద్రీయం' వచ్చింది 1897లో. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు అచ్చయిందీ ఆ ఏడాదే. వేదం వారు పుస్తకాల్లో గ్రామ్యం, అంటే జనం నోటి వాడుక మాట, రాయకూడదని గట్టిగా వాదించిన పండితులు. అదే మనిషి నాటకానికి వచ్చేసరికి ఏ పాత్రకు తగిన భాష ఆ పాత్ర నోట పలకాలన్నారు. రాజు మాట వేరు, చాకలి పేరిగాడి మాట వేరు, ఢిల్లీ నుంచి దిగినవాళ్ళ తెలుగు వేరు. పాత్రోచిత భాష అని దానికి పేరు. ఆయన ఈ నెల్లూరులోనే ఆంధ్రభాషాభిమాని నాటక సమాజాన్ని పెట్టి నాటకాలు ఆడించారు. ఆత్రేయ 1921లో సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన మనిషి, నెల్లూరు మున్సిఫ్ కోర్టులో కొన్నాళ్ళు పనిచేశారు. చాలీచాలని జీతంతో ఇల్లు ఈదే గుమాస్తా బాధ ఆయనకు దగ్గర నుంచి తెలుసు. ఇద్దరూ మన ఊరి గాలి పీల్చినవాళ్ళే.

కానీ మా విభాగం నాటకాల్లో ఇన్నేళ్ళుగా నెల్లూరు యాస మాట్లాడిన పాత్రలు ఎవరివి? తోటమాలి, తాగుబోతు, పెళ్ళిళ్ళ పేరయ్య. "ఏందబ్బా" అనగానే హాలు నవ్వుతుంది. ఏడవాల్సిన పాత్ర మాత్రం పుస్తకం తెలుగులో ఏడుస్తుంది. ఈ ఏడాది ఒక్క గంటైనా మన యాసలో బరువైన కథ ఆడాలి, జనం నవ్వకుండా కూర్చుని వినాలి. నాకు కావలసింది అది.

సెప్టెంబరు 18

నాటికకు పిల్లలు తెచ్చిన ఆలోచనల్లో ఒకటి రొయ్యల గుంటల మీద, ఒకటి హాస్టల్ ర్యాగింగ్ మీద. కనిగిరి అబ్బాయి తెచ్చిన మూడోది వినగానే మిగతావి పక్కకు పోయాయి.

వాళ్ళ ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడు. మేనత్తకు ముప్పై ఏళ్ళకే పళ్ళమీద గోధుమరంగు చారలున్నాయట. నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుందట. అదే మా నాటిక మొదటి దృశ్యం: పెళ్ళిచూపులు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్ల.

లైబ్రరీలో కూర్చుని వెతికితే నాకు తెలియని సంగతి ఒకటి దొరికింది. ఈ ఫ్లోరైడు రోగాన్ని మన దేశంలో డాక్టర్లు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండకూడదు. రాతిలో నుంచి ఊరే నీళ్ళలో అది కలుస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. చిన్నప్పుడు తాగితే వచ్చే పళ్ళమీద మచ్చలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీళ్ళు ఆవిరై తగ్గే కొద్దీ ఫ్లోరైడు పాలు ఇంకా పెరుగుతుంది.

ఈ చివరి సంగతి దగ్గర పిల్లలంతా ఆగిపోయారు. బిడ్డకు మంచిదని కోడలు రోజూ నీళ్ళు కాస్తుంటుంది. మనం కింద కూర్చుని చూస్తుంటాం, ఏమీ చెప్పలేం. కథ అక్కడే ఉందని అందరికీ ఒకేసారి తట్టింది.

సెప్టెంబరు 28

పిల్లలు ఆరుగురితో కనిగిరి వైపు పల్లెకు వెళ్ళొచ్చాను. మా అబ్బాయి వాళ్ళ అవ్వ వాకిట్లోనే నులకమంచం మీద కూర్చుని ఉంది. రికార్డు చేసుకోవచ్చా అని అడిగి, ఆమె సరేనన్నాకే ఫోన్ బయటికి తీశాం.

"ఏందమ్మా, మా మాటలు రాసుకోను ఇంత దూరం వచ్చారా? మాటల్లో ఏముండాదమ్మా, నీళ్ళల్లో ఉండాది గానీ" అంది.

రెండు గంటలు మాట్లాడింది. ఆమె కథను ఆడబోము. మాకు కావలసింది ఆమె మాట నడక. చూసి రాసుకున్నవి: ఆమె గొంతు ఎక్కడా పెంచదు. మాట చివర సాగదీయదు. బాధ చెప్పేటప్పుడు మరీ తొందరగా చెప్పేసి, తర్వాత చాలాసేపు ఊరుకుంటుంది. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మెడ తిప్పదు, తిరగదు కాబట్టి. ఒళ్ళంతా తిప్పి చూస్తుంది.

వచ్చేటప్పుడు కనిగిరిలో టీ తాగుతుంటే ఎవ్వరం మాట్లాడలేదు.

అక్టోబరు 5

మాటల నోటుబుక్కు మొదలుపెట్టాం. తరగతి గోడకు ఉమ్మడి జిల్లాల పటం అతికించి, ఎవరి ఊరి దగ్గర వాళ్ళ మాట రాయమన్నాను. 'నేను పోతున్నాను' అన్న ఒక్క వాక్యం ఇచ్చాను. ఆత్మకూరు అమ్మాయి 'పోతుండా' అని రాసింది. ఒంగోలు అబ్బాయి 'పోతన్నా'. మార్కాపురం అబ్బాయి 'పోతాండా'. కందుకూరు అబ్బాయి కాసేపు ఆలోచించి రెండు రకాలుగా అంటానన్నాడు.

ఇలా ఎందుకుందో పటమే చెప్పింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. దాన్ని మూడు జిల్లాల ముక్కలతో కుట్టారు. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి, కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. కందుకూరు 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. గీతలు ఎన్నిసార్లు మార్చినా నోళ్ళు మాత్రం పాత జిల్లాల్లోనే ఉన్నాయి. 'ప్రకాశం యాస' అని ఒకటి తయారుచేసి అందరి నోటా పెడదామనుకున్న నా ఆలోచన ఇవాళే వదిలేశాను. కథ కనిగిరిది కాబట్టి అవ్వ, కొడుకు కనిగిరి మాట మాట్లాడతారు. కోడలు మార్కాపురం పిల్ల, ఆ మాటే ఆమెది. పెళ్ళిళ్ళ పేరయ్య ఒంగోలు మనిషి.

నోటుబుక్కులో ఇప్పటికి చేరినవి: పిల్లకాయలు, గమ్మునుండు, కయ్య (మడి), బిన్నా రా (త్వరగా రా), యాడ, ఈడ, రొవంత (కొంచెం). రోజూ రెండు మూడు చేరుతున్నాయి.

అక్టోబరు 24

వాన. ఈశాన్య రుతుపవనం మొదలైతే నెల్లూరులో పని ఎక్కడికక్కడే ఆగిపోతుంది. సెమినార్ హాలు వెనక వరండాలో పెట్టిన ఎనిమిది ఫ్లాట్లలో (చట్రానికి గుడ్డ బిగించిన సెట్ గోడలు) అయిదు తడిసి ఉబ్బాయి. గుడ్డ ఊడదీసి ఆరబెట్టాం, చట్రాలు బాగానే ఉన్నాయి. ఇకపై సామాన్లన్నీ లోపల, ఇటుకల మీద.

నవంబరు 3

ఫ్లాట్లు తడవడం వల్ల ఒక మేలు జరిగింది. నాటికకు గోడలు అవసరమా అన్న చర్చ వచ్చింది. సెట్ చూసే అమ్మాయి కాగితం మీద మూడు గీతలు గీసి చూపించింది: ఇత్తడి బిందె, ప్లాస్టిక్ బిందె, ఇరవై లీటర్ల క్యాను. బావి రోజులు, బోరు రోజులు, కొనుక్కునే రోజులు. గోడలు లేవు, తెర వేయడం లేదు. నులకమంచం, పొయ్యి, ఆ పక్కన నీళ్ళ పాత్ర. పాత్ర మారితే కాలం మారినట్టు. నలభై ఏళ్ళ కథ చెప్పడానికి ఇంతకంటే సూటి దారి నాకు తోచలేదు.

సాయంత్రం చప్పుడు పరీక్ష చేశాం. ఇత్తడి బిందెలో పోస్తే నీళ్ళు మోగుతాయి, నిండే కొద్దీ ఆ మోత సన్నబడుతుంది. ప్లాస్టిక్‌లో టపటప. క్యాను వంచితే గుడగుడమని గాలి మింగుతుంది. కళ్ళు మూసుకుని విన్నా ఏ కాలంలో ఉన్నామో తెలుస్తుంది. స్టేజీ ముందు అంచున ఒక మైకు నేలకు దగ్గరగా పెడితే చాలు. రికార్డు చేసిన చప్పుడు ఒక్కటీ వాడొద్దని నిర్ణయించాం.

నవంబరు 12

నాటిక రీడింగు. మొదటి దృశ్యం దాటాం. రెండో దృశ్యంలో అవ్వ తన పెద్దకొడుకు ఊరొదిలి పోయిన రోజు చెబుతుంది. అవ్వ వేషం ఆత్మకూరు అమ్మాయిది. ఆమె నోరు తెరిచి "యాడికి పోతుండావురా అబ్బయ్యా" అనగానే గదిలో ఉన్న ఇరవై మందీ నవ్వారు. మళ్ళీ చదివించాను. మళ్ళీ నవ్వారు. నవ్వినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడేదీ ఈ మాటే. చిన్నప్పటి నుంచి సినిమాల్లో ఈ మాటకు నవ్వడం అలవాటైంది, అంతే.

అమ్మాయి పుస్తకం మూసేసి, "మామూలు భాషలో చెప్పేస్తా మేడమ్, అప్పుడు బాగా పండుతుంది" అంది. వద్దన్నాను. కానీ ఎలా చేయాలో చెప్పడానికి నా దగ్గర కూడా ఏమీ లేదు. రాత్రంతా అదే టెన్షన్.

నవంబరు 19

కనిగిరి రికార్డింగు, మా రీడింగు రికార్డింగు పక్కపక్కన పెట్టి విన్నాం. తేడా మాటల్లో లేదు. అమ్మాయి ప్రతి మాట చివరా సాగదీస్తోంది, 'అబ్బయ్యా' దగ్గర గొంతు పైకి లేపుతోంది. వీడియో చూస్తే ఇంకోటి కనబడింది. ప్రతి మాటకూ తల ఊపుతోంది, మెడ వంచుతోంది, కనుబొమలు ఎగరేస్తోంది. సొంత ఊరి మాటను తను మాట్లాడటం లేదు, ఆ మాటకు వేషం కడుతోంది.

నవంబరు 21

ఎముకల డాక్టరు ఒకరు ఇవాళ గంటసేపు వచ్చి కూర్చున్నారు. వెన్నుపూసలను పట్టి ఉంచే నరంలాంటి కట్లు ఫ్లోరైడు వల్ల గట్టిపడి ఎముకలా తయారవుతాయని బొమ్మ గీసి చెప్పారు. అవ్వ ఎందుకు ఒళ్ళంతా తిప్పి చూసిందో అప్పుడు పిల్లలకు పూర్తిగా అర్థమైంది.

ఆయన వెళ్ళాక ఒక పని చేశాం. అడుగు పొడవు చెక్క స్కేలు అమ్మాయి మెడ వెనక నుంచి వీపు మీదికి నిలువుగా పెట్టి, మెత్తటి తువ్వాలుతో వదులుగా చుట్టాం. పది నిమిషాలకు ఒకసారి విప్పేలా ఒకరిని పక్కనే నిలబెట్టాను. అలాగే మంచం మీద కూర్చుని లేవడం, చెంబు అందుకోవడం, పిలిస్తే చూడటం. అరగంట కదలికలే. తర్వాత మాట చెప్పమన్నాను.

"యాడికి పోతుండావురా అబ్బయ్యా."

తల ఊపడానికి లేదు. కొడుకు ఎడమ పక్క నుంచి వెళ్ళిపోతున్నాడు, అతణ్ణి చూడాలంటే ఒళ్ళంతా తిరగాలి, తిరిగేసరికి అతను గడప దాటాడు. మాట చిన్నగా, సాగకుండా, ఖాళీ గడపకు తగిలింది. ఎవరూ నవ్వలేదు. కనిగిరి అబ్బాయి లేచి బయటికి వెళ్ళాడు.

యాసను మార్చలేదు, ఒక్క అక్షరం తీయలేదు. దాని చుట్టూ చేరిన ఆడంబరాన్ని మెడతో పాటు కట్టేశాం. ఇది అన్ని పాత్రలకూ పనికొచ్చే సూత్రం కాదు. ఈ పాత్రకు మాత్రం తాళంచెవి దొరికింది.

డిసెంబరు 8

'ఎన్.జి.ఓ.' పని మా సహోద్యోగి చూస్తున్నారు, బ్లాకింగు (స్టేజీ మీద ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది) సగం అయింది. కుర్చీలు, చెక్క అలమర ఊళ్ళో పాతసామాన్ల కొట్లో దొరికాయి. టైపుమిషన్ ఒకటి ఒక రిటైర్డు ఉద్యోగి ఇంట్లో ఉంటే అడిగి తెచ్చారు, రిబ్బను ఎండిపోయినా చప్పుడు బాగుంది. గుమాస్తా వేసే అబ్బాయికి నెలాఖరు అంటే ఏమిటో తెలియదని మా సహోద్యోగి బెంగ. ఈ నెల హాస్టల్ ఫ్లోరు ఖర్చుల లెక్కంతా ఆ అబ్బాయి చేతికే ఇచ్చారు. 20వ తేదీకల్లా ముఖంలో ఆ కళ వస్తుందని ఆయన నమ్మకం, నాదీ అదే.

లైట్ల దగ్గర చిక్కు. అద్దెకు తెచ్చిన డిమ్మర్లలో రెండు తగ్గించేటప్పుడు మినుకుమినుకుమంటున్నాయి. ఇచ్చినవాళ్ళు మార్చి ఇస్తామని మూడు వారాలుగా చెబుతూనే ఉన్నారు. అందుకే నాటిక లైటింగు ప్లాను మొత్తం తిరగరాశాం: పొయ్యి వైపు నుంచి ఒకటి, గడప వైపు నుంచి ఒకటి, పైనుంచి మామూలు వెలుగు. తగ్గించడాలు లేవు, వెలగడం, ఆరడం మాత్రమే. వేరే చోట నుంచి డిమ్మర్లు దొరికినా నాటికకు ఇదే ఉంచుతాను. కోడలు నీళ్ళు కాచేటప్పుడు పొయ్యి వెలుగొక్కటే ఉంటుంది, ఆవిరి అందులో స్పష్టంగా కనిపిస్తోంది.

జనవరి 4

'ప్రతాపరుద్రీయం' కుదించడం పూర్తయింది, రెండు గంటల పది నిమిషాలకు వచ్చింది. ప్రతాపరుద్రుడి మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వెళ్ళే ఘట్టం దాదాపు మొత్తం ఉంచాం. జనం దానికోసమే వస్తారు.

గంటన్నర వాదన మాత్రం పేరిగాడి మీద జరిగింది. ప్రతాపరుద్రుడి పోలికలున్న చాకలి పేరిగాడిని రాజు స్థానంలో నిలబెడతారు కదా. ఆ వేషం కందుకూరు అబ్బాయిది. "రాజు బట్టల్లో నా మాట వినగానే జనం నవ్వుతారు మేడమ్. నవ్వితే నవ్వనీ, కానీ నన్ను చూసేనా?" అన్నాడు. నవంబరులో మేము పడ్డ తంటా వాడి మనసులో ఇంకా ఉంది.

ఒకరు ఆ దృశ్యమే తీసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. పాత్రోచిత భాష అనే ఆలోచన కోసం ఈ నాటకం ఎంచుకుని, ఆ ఆలోచన బలంగా పనిచేసే చోటు కోసేస్తే ఇక మిగిలేది ఏమిటి? వేదం వారు రాసిన మాట అలాగే ఉండాలి. కానీ నిన్నటి బ్లాకింగులో పేరిగాడు నడిమధ్యన, వెలుగులో, కొలువులోనివాళ్ళు వీపులు చూపిస్తూ ఉన్నారు. అంటే జనానికి చూడటానికి వాడొక్కడే దొరికాడు. ఇవాళ తిప్పేశాం. సింహాసనం పక్కకు జరిగింది, కొలువువాళ్ళ ముఖాలు జనం వైపుకు వచ్చాయి. పేరిగాడు మామూలుగా, తన ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడతాడు. వాడి నోటి నుంచి ఏం వచ్చినా "చిత్తం" అని వంగే ముఖాలు ఎదురుగా కనబడతాయి. ఇవాళ కూడా నవ్వు వచ్చింది, ఇంతకుముందుకంటే ఎక్కువే వచ్చింది. అబ్బాయి ఆ నవ్వు విని నా వైపు చూసి తల ఊపాడు.

జనవరి 10

సంక్రాంతి సెలవులకు ముందు నాటిక పూర్తి రన్. యాభై రెండు నిమిషాలు పట్టింది. చూడటానికి మా విభాగం వాళ్ళను ఎవరినీ పిలవలేదు. హాస్టల్ మెస్‌లో వండే అక్కలు నలుగురు, వాచ్‌మన్, మొక్కలు చూసే పెద్దాయన. వాళ్ళ పని అయ్యేవరకు ఆగి, రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాం.

పెళ్ళిచూపుల దగ్గర ఒంగోలు పేరయ్యను చూసి నవ్వారు, అక్కడ నవ్వాలి. అవ్వ మాట దగ్గర గమ్మునైపోయారు. కోడలు నీళ్ళు కాస్తుంటే ఒక అక్క లోగొంతుతో, "కాస్తే పోదమ్మా అది" అంది. స్టేజీ మీద ఉన్న పిల్లకు ఆ మాట వినబడింది. పిల్ల ఆగలేదు, నీళ్ళు కాస్తూనే ఉంది. సెప్టెంబరు నుంచి మేము పేపరు మీద ఊహించుకున్నది అదే క్షణం.

అయిపోయాక ఆ అక్కే ముందుకొచ్చింది. పొదిలి వైపు నుంచి వచ్చిందట. మాట బాగుందనో, ఏడుపొచ్చిందనో చెబుతుందనుకున్నాను.

"మేడమ్, బిందె అట్టా దించరు. నడుం పట్టేసినోళ్ళు చంకలో నుంచి ఒక్కసారి కింద పెట్టలేరు. ముందు అరుగు మీదికి జార్చి, ఆడి నుంచి రెండు చేతుల్తో నేలకు దించుతారు. మా అత్త అట్టనే దించేది."

చేసి చూపించమని అడిగాను. ఖాళీ ఇత్తడి బిందెతో చూపించి, నీళ్ళు పోయమంది. నింపిన బిందెతో మళ్ళీ చూపించింది. ఆత్మకూరు అమ్మాయి ఆమె పక్కనే నిలబడి మూడుసార్లు దించింది, మూడోసారి నీళ్ళు తొణకలేదు.

సెలవుల తర్వాత చేయవలసినవి: అవ్వ మంచం పక్కన అడుగున్నర ఎత్తు అరుగు కట్టాలి. రిహార్సల్లో నిండు బిందె తప్ప ఖాళీ బిందె వాడకూడదు. నేల మైకు అరుగు వైపు జరపాలి, జారేటప్పుడు అంచు రాసుకునే చప్పుడు వినబడాలి. జనవరి 19 నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి, మెస్‌లో వంట మొదలయ్యే లోపల, ఆ అక్క అరగంట వచ్చి నేర్పిస్తానంది. పాంప్లెట్టులో ఆమె పేరు నటీనటుల పక్కనే వేయాలి.